బోగల్స్ కొండ మీద మొదటి ఎండాకాలం

మా ఆయన గ్లాడ్విన్ పోయింది పట్టపగలు, హిల్స్‌బరో రేవులో, పదిమంది మధ్య. గ్రెనడా నుంచి మా ఫ్రిజ్ తీసుకొస్తున్న పడవ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడట. చిన్ననాటి స్నేహితుడెవరో ఏదో అంటే నవ్వాడట. ఆ నవ్వుతోనే సిమెంటు బస్తా మీద కూర్చుని మళ్ళీ లేవలేదు. ఇంగ్లండు చలిలో జీవితమంతా బస్సులు నడిపి, ఎప్పటికైనా తను పుట్టిన కారియాకూ దీవికి వెళ్ళి ఇల్లు కట్టుకుంటానని కలలుగన్న మనిషి, ఇల్లు పూర్తయి తాళాలు చేతికొచ్చాక ఒక్క క్రిస్మస్ చూశాడు, అంతే. ఫ్రిజ్ మాత్రం క్షేమంగా చేరింది. అతన్ని తెచ్చిన వ్యానులోనే దాన్నీ తెచ్చి, ఏ గదిలో పెట్టమంటారని నన్నడిగారు.

అప్పటికి ఆ దీవిలో నాకు తెలిసిన మనిషి గ్లాడ్విన్ ఒక్కడే.

నేను పుట్టింది జమైకాలో. బతుకంతా గడిచింది నాటింగ్‌హామ్‌లో, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట. అక్కడ ఉన్నన్నాళ్ళూ అందరూ నన్ను జమైకా మనిషి అన్నారు. కారియాకూ వచ్చాక ఇంగ్లీషావిడనయ్యాను.

ఇల్లు బోగల్స్ కొండ మీద. రెండంతస్తులు, చుట్టూ నా భుజాల ఎత్తు గోడ, ఇనప గేటు. ఆ చుట్టుపక్కల గోడ ఉన్న ఇల్లు మాదొక్కటే. "గోడ ఎందుకు గ్లాడ్విన్?" అని అడిగితే, "కొత్తచోటు కదా, నీకు భయం వెయ్యకుండా" అన్నాడు.

గోడకు కిందుగా, అదే కుటుంబ భూమిలో, వాళ్ళక్క ఒరింతియా ఉండేది. చెక్కల ఇల్లు, రేకుల కప్పు, దొడ్లో మేకలు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి మంచాన పడితే కన్నుమూసేదాకా చూసుకుంది. మా ఇల్లున్న చోటే ఆవిడ ఏటా మొక్కజొన్న, కంది వేసుకునేదట. తమ్ముడు ఇంగ్లండు నుంచి మనిషిని పంపి అక్కడ ముగ్గు పోయించినప్పుడు ఒక్క మాట అనలేదట. పచ్చిగా ఉన్న చేను తనే కోసుకుని, కట్టలు కట్టుకుని, కిందికి దించుకుపోయిందట. గృహప్రవేశానికి ఊరంతా వచ్చింది, ఆవిడ రాలేదు. గ్లాడ్విన్ రోజూ పొద్దున్నే గోడ మీంచి వంగి "గుడ్ మార్నింగ్ రిన్" అనేవాడు. "గుడ్ మార్నింగ్" అనేది కింది నుంచి. ఆ తర్వాత మాట ఉండేది కాదు.

"వస్తుందిలే," అనేవాడు నాతో. "రిన్‌కి కోపం రావడానికో వానాకాలం, పోవడానికో వానాకాలం."

అంత్యక్రియలకి జనం విరగబడి వచ్చారు. నాకు పేర్లయినా తెలియని ఆడవాళ్ళు నా వంటింట్లో దూరి కుండలు దించారు, రొట్టెలు కాల్చారు, నా చేత ఇంత సూపు తాగించారు. ప్రార్థనలు జరిగినన్ని రోజులూ వరండా నిండా మనుషులే. ఒరింతియా చర్చికి వచ్చింది, శ్మశానానికి వచ్చింది, గుప్పెడు మన్ను వేసింది. కొండ మాత్రం ఎక్కలేదు. ఆఖరి ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళు గిన్నెలు తోమి బోర్లించారు, వాకిలి ఊడ్చారు. "వస్తాం మిసెస్ క్వాషీ," అని గేటు దగ్గరికి వేసి వెళ్ళిపోయారు.

మళ్ళీ ఎవరూ రాలేదు.

పగవల్ల కాదు. మర్యాద. నేను రోడ్డు మీద కనిపిస్తే మాట్లాడుకుంటున్నవాళ్ళు మాటలాపి "గుడ్ మార్నింగ్ మిసెస్ క్వాషీ" అనేవాళ్ళు. నేను దాటిపోయాక ఆపిన చోటి నుంచి మొదలుపెట్టేవాళ్ళు. వరండాలో కూర్చుంటే ఊరి చప్పుళ్ళన్నీ పైకి వినిపించేవి. డామినో బిళ్ళలు బల్ల మీద కొట్టడం, ఎవరి బిడ్డనో ఎవరో తిట్టడం, రేడియో. గాలి తిరిగితే అవీ వినిపించేవి కావు. ఇంట్లో నిశ్శబ్దం భరించలేక టీవీ పెట్టి ఉంచేదాన్ని, పడుకునేటప్పుడు కూడా.

మనిషి గొంతు వినడానికి ఏవేవో సాకులు వెతుక్కున్నాను. కింద రోడ్డు పక్కన ఇస్మే అనే ఆవిడకి చిన్న కొట్టు ఉంది. అక్కడ రోజుకొక్క వస్తువే కొనేదాన్ని. ఇవాళ సబ్బు, రేపు అగ్గిపెట్టె, ఎల్లుండి ఒక ఉల్లిపాయ. అన్నీ ఒకేసారి కొంటే మర్నాడు వెళ్ళడానికేం మిగులుతుంది? ఇస్మే పసిగట్టింది.

"ఉప్పు ఉందో లేదో చూసుకున్నారా మిసెస్ క్వాషీ?" అంది ఒకరోజు.

"ఉంది."

"రేపటికి అయిపోతుందిలెండి," అంది, నవ్వకుండా.

కొన్ని రోజులు బెవన్ వ్యాను ఎక్కేదాన్ని. బెవన్‌ది దీవి చుట్టూ తిరిగే వ్యాను. ఎక్కిన ప్రతివాళ్ళూ లోపలున్న అందరికీ గుడ్ ఆఫ్టర్‌నూన్ చెప్పి కూర్చుంటారు, మోకాలికి మోకాలు తగులుతూ. ఆ తగలడం కోసం ఎక్కేదాన్నంటే నమ్ముతారా?

"ఎక్కడ దించాలి మిసెస్ క్వాషీ?" అన్నాడు బెవన్ మొదటిసారి.

"ఎక్కిన చోటే."

అద్దంలో నావైపు చూశాడు.  "అయితే ఇటు మారండి, సముద్రం వైపు," అన్నాడు. "అటు కూర్చుంటే అందరి పెరట్లూ ఆరేసిన బట్టలూ తప్ప ఏం కనిపించవు."

నాకు ఆ బట్టలే బాగున్నాయని చెప్పలేదు.

ఆదివారాలు మా అమ్మాయి కాండిస్ నాటింగ్‌హామ్ నుంచి ఫోన్ చేసేది. బడిపంతులమ్మ. నాతో కూడా తరగతిలో మాట్లాడినట్టే మాట్లాడుతుంది.

"అమ్మా, ఇవాళ ఎవరితో మాట్లాడావ్?"

"నీతో."

"నేను కాకుండా."

నేను ఆలోచిస్తుంటే అవతల నిట్టూర్చేది. "జులైలో సెలవులిస్తారు. నేనొచ్చి నిన్ను తీసుకొచ్చేస్తా. ఇల్లు ఎవరికైనా ఇచ్చేద్దాం. నాన్న కోసం వెళ్ళావు, నాన్నే లేనప్పుడు అక్కడ నీకేం పని?"

"చూద్దాంలే," అనేదాన్ని. నాలుగైదు ఆదివారాలు పోయాక "సరే" అన్నాను.

*

కోతలై, కందికాయ కూడా ఏరుకున్నాక, కారియాకూలో మేకల్నీ గొర్రెల్నీ తాళ్ళు విప్పి వదిలేస్తారు. వానాకాలమంతా పలుపుకి కట్టి ఉంచిన జీవాలు అప్పట్నుంచి మళ్ళీ విత్తనాలు వేసేదాకా ఎక్కడపడితే అక్కడ తిరుగుతాయి. విడుపు కాలం. దాని సంగతి నాకెవరూ చెప్పలేదు.

ఒక పొద్దున వరండాలోకి వచ్చేసరికి మా దొడ్లో గడ్డం ఉన్న పెద్ద పోతుమేక నిలబడి ఉంది. నోట్లో ఆకు. గ్లాడ్విన్ నాటిన నిమ్మ అంటు మోడైపోయి ఉంది. వచ్చిన వారమే, చెప్పులైనా విప్పకుండా, గొయ్యి తవ్వి నాటాడు దాన్ని.

చీపురు తీసుకుని మేక వెంటపడ్డాను. అది గోడ చుట్టూ నన్ను తిప్పింది. నా అరుపులకి కింది నుంచి ఒరింతియా గోడ అవతలికి వచ్చింది. తలకి గుడ్డ, చేతిలో కొడవలి.

"మీ మేక! గేటు వేసి ఉన్నా లోపలికొచ్చింది."

"గోడ ఉందిగా ఎక్కడానికి," అంది ఒరింతియా. "దానికోసమే కట్టారనుకుని ఉంటుంది మిసెస్ క్వాషీ. ఈ కొండ మీద పుట్టిన మేక అది. దాని తల్లీ ఇక్కడే పుట్టింది. కొత్తగా వచ్చింది గోడే."

"మీకు నవ్వులాటగా ఉందా?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎన్నాళ్ళయిందో అరిచి. "ఆయన చేత్తో నాటిన మొక్క అది. ఆయన ఈ నేల మీద నాటింది అదొక్కటే. ఒక్క ఆకు మిగిల్చిందేమో చూడండి!"

ఒరింతియా మడమలెత్తి గోడ మీంచి చూసింది. మోడు వైపు చూస్తూ చాలాసేపు అలాగే ఉంది.

"నిమ్మా?"

"ఆ."

"వేరు చచ్చిపోదు," అంది నెమ్మదిగా. "పొద్దు వాలాక నీళ్ళు పొయ్యండి." నేను గేటు తీస్తే బయటికి వచ్చిన మేకని కొమ్ము పట్టుకుని ఈడ్చుకుపోయింది. దారిపొడుగునా దాన్ని తిడుతూనే ఉంది.

మర్నాడు నేను ఇస్మే కొట్టుకి వెళ్ళొచ్చేసరికి మోడు చుట్టూ ముళ్ళకంప నాటి ఉంది. వేలు కూడా దూరనంత గట్టిగా అల్లిన కంచె. దొడ్లో ఎవరూ లేరు. గోడ దగ్గరికి వెళ్ళి చూశాను. ఒరింతియా గడప మీద కూర్చుని మొక్కజొన్న గింజలు ఒలుస్తోంది. చేతుల నిండా ముళ్ళ గీతలు.

"గుడ్ ఆఫ్టర్‌నూన్ మిస్ ఒరింతియా."

"గుడ్ ఆఫ్టర్‌నూన్."

థాంక్స్ అన్న మాట నాలుక మీదకు వచ్చి అక్కడే కూర్చుంది. లోపలికి వచ్చేశాను.

*

మే నెల వచ్చేసరికి కొండంతా ఎండుపుల్లల మోపులా తయారైంది. మా దీవిలో ఏరు లేదు, చెరువు లేదు. కప్పు మీద పడ్డ వాన సంపులోకి వెళ్ళాలి, ఆ సంపే ఏడాదంతా. గ్లాడ్విన్ మా ఇంటి కింద ఇంకో ఇల్లంత సంపు కట్టించాడు. ఊళ్ళో ఒక్కొక్క సంపూ అడుగంటుతుంటే మాది సగానికి పైగా ఉంది. ఒక్కదాన్ని, ఎంత వాడతాను?

ఒరింతియా సంపు పాతది, బీటలు వారింది. వరండాలోంచి చూస్తుంటే ఆవిడ పశువుల బావి దగ్గరికి బకెట్టు పట్టుకుని వెళ్ళేది. ఆ నీళ్ళు ఉప్పగా ఉంటాయి. కొండెక్కేటప్పుడు ఆగి, బకెట్టు దించి, నడుం పట్టుకుని, మళ్ళీ ఎత్తుకునేది. పిలవాలనుకున్నాను. ఎలా పిలవాలో తెలియలేదు. జాలిపడి ఇస్తున్నాననుకుంటే? నా మొహం మీద గేటు వేసినట్టు వద్దనేస్తే?

మేకలు మాత్రం మొహమాటపడలేదు. ఎండిన నాలుకలతో మా గోడ చుట్టూ చేరి అరిచేవి. ఒకరోజు ఆ అరుపులు వినలేక గేటు బార్లా తీసి, బట్టలు నానబెట్టే తొట్టి నిండా నీళ్ళు పోసి వాకిట్లో పెట్టాను. తోసుకుంటూ వచ్చి తాగాయి. నేను అక్కడే నిలబడి చూస్తుంటే గేటు బయట ఒరింతియా కనిపించింది. చేతికి ఖాళీ బకెట్టు తగిలించుకుని ఉంది.

"మేకలకేనా?" అంది.

"ఏమిటి?"

"ఆ నీళ్ళు. మేకలకేనా, మనుషులక్కూడానా?"

"మనుషులెవరూ అడగలేదు."

"మేకలు అడిగాయా?"

నాకు నవ్వొచ్చింది. గ్లాడ్విన్ పోయాక అదే మొదటిసారి. నవ్వు ఆపుకోవడం చేతకాక గేటు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ నవ్వలేదు. బకెట్టు మాత్రం గేటుకి ఇవతలగా పెట్టింది. "నింపండి. నేను లోపలికి రాను, పనుంది."

ఆ రోజునుంచి గేటు మూయలేదు. మర్నాడు ఇస్మే కూతురు మెర్ల్ చంకలో బిడ్డతో బకెట్టు పట్టుకుని వచ్చింది. తర్వాత చెవిటి అలిక్ వచ్చాడు, నీళ్ళతో పాటు నాకు రెండు చేపలు ఇచ్చి వెళ్ళాడు. తర్వాత ఎవరెవరో. పొద్దునపూట మా గేటు దగ్గర బకెట్లు వరస కట్టేవి. వాటి వెనక మనుషులు. నేను తోడి పోస్తుంటే వాళ్ళు మాట్లాడుకునేవాళ్ళు. నన్ను చూసి మాట ఆపితే బకెట్టు నిండేదాకా ఊరికే నిలబడాలి కదా, అది ఎవరివల్లా కాలేదు. మెర్ల్ మొగుడు ట్రినిడాడ్‌లో ఎవరితో ఉంటున్నాడో, బెవన్ వ్యానుకి బ్రేకులు ఎందుకు సరిగా పడవో, అన్నీ తెలిశాయి నాకు. ఒరింతియా వచ్చేది, నింపుకునేది, వెళ్ళేది. గేటు గీత మాత్రం దాటలేదు.

"ఇలా పోస్తే వానలదాకా రావు," అంది ఇస్మే ఒకసారి, సంపు మూత ఎత్తి లోపలికి చూసి.

"రాకపోతే?"

"మీరూ మాలాగే బకెట్టు పట్టుకుంటారు. మీ ఇంగ్లీషు చేతులు ఏమవుతాయో చూడాలి."

*

జూన్ మొదట్లో ఒక పొద్దున ఒరింతియా బకెట్టు లేకుండా వచ్చింది. గేటు బయట నిలబడి తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకుంది.

"గ్లాడ్విన్ వచ్చాడు," అంది.

చేతిలో చెంబు కింద పెట్టేశాను.

"కలలో. ఇదిగో, ఇక్కడే నిలబడ్డాడు, ఈ గేటు బయట. టోపీ చేతిలో పట్టుకుని. రిన్, నాకెవరూ తినడానికి పెట్టలేదు అన్నాడు. చిన్నప్పుడు బడినుంచి వచ్చి అనేవాడే, అచ్చు అలాగే."

నాకు కళ్ళు మండాయి. ఏడుపు కాదు, అసూయ. "నాకు ఒక్కసారి కూడా రాలేదు," అన్నాను.

"ఎలా వస్తాడు? తెల్లవార్లూ ఆ టీవీ మోగుతూనే ఉంటుంది. వచ్చి దాంతో పోటీపడి అరవాలా వాడు?"

"అది ఆపితే ఈ ఇంట్లో నేను ఉండలేను మిస్ ఒరింతియా."

ఆ మాట ఎవరితోనూ అనలేదు అంతకుముందు. కాండిస్‌తో కూడా. ఒరింతియా నన్ను చూసి, నా వెనకాల ఇంటిని చూసి, నేల చూసింది.

"సరాకా పెట్టాలి," అంది చివరికి. "వాడికి, అమ్మకి, నాన్నకి, ముందుపోయిన అందరికీ. పెద్దల పళ్ళెం పెట్టకుండా ఊరుకుంటే వాడు అలా బయటే నిలబడి ఉంటాడు."

"ఎక్కడ పెట్టాలి?"

"పోయినవాడి ఇంట్లో."

తలగుడ్డ ముడి బిగించుకుని కిందికి దిగిపోయింది.

సరాకా రోజున తెల్లవారకముందే ఆడవాళ్ళు వచ్చారు. వాకిట్లో రాళ్ళు పెట్టి పొయ్యిలు రాజేశారు. ఒరింతియా తన పోతుమేకని ఇచ్చింది. నిమ్మ తిన్న మేకే. "రుచి చూసి చెప్పండే, పులుపు తగులుతుందేమో," అని ఇస్మే అంటే అందరూ నవ్వారు. మొక్కజొన్న పిండి ఉడికించి, పొట్లకాయంత పొడుగు ముద్దలు చుట్టారు. బియ్యం, కందులు, మాంసం. ఇవి కాక పెద్దలకోసం విడిగా, ఉప్పు వెయ్యకుండా వండారు. ఊళ్ళో పిల్లలందరూ వచ్చి అరిటాకుల్లో తిన్నారు. నేను చూస్తుండగా ఒరింతియా గేటు దాటింది ఆ రోజే మొదటిసారి. కానీ పొయ్యి దగ్గరే పీట వేసుకుని కూర్చుంది. అక్కణ్ణించే అందరి మీదా కేకలు వేసింది. ఇంటి మెట్టు మీద మాత్రం కాలు పెట్టలేదు.

మధ్యాహ్నం దాటాక పెద్దల పళ్ళెం సిద్ధమైంది. ముందుగదిలో బల్ల మీద నేను తెల్లటి గుడ్డ పరిచి, కొవ్వొత్తి పెట్టి ఉంచాను. పళ్ళెం పెట్టాల్సింది ఆ రక్తంలో పెద్దవాళ్ళు. ఒరింతియా పళ్ళెం రెండు చేతులా పట్టుకుని మెట్ల దాకా వచ్చి ఆగింది. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా గిన్నెలు సర్దడంలో పడ్డారు. ఎవరూ ఇటు చూడలేదు.

నేను తలుపు తీసి పట్టుకున్నాను. ఆవిడ చెప్పులు మెట్టు కింద వదిలి పైకి వచ్చింది.

గదిలో నడిమధ్యన నిలబడి చుట్టూ చూసింది. గోడలు కాదు, నేల. కిటికీ కింది మూల చూపించి, "ఇక్కడ బాగా కాసేది," అంది. "ఈ మూల. ఎందుకో తెలీదు." పళ్ళెం బల్ల మీద పెట్టింది. పక్కన గ్లాసుతో నీళ్ళు, గ్లాసుతో రమ్ము. రెండింట్లోంచీ కాస్త కాస్త నేల మీద చిలకరించింది. తర్వాత, పక్కగదిలో ఉన్నవాడితో మాట్లాడినట్టు, గొంతు పెంచకుండా అంది.

"గ్లాడ్విన్. నా మొక్కజొన్న చేలో ఇల్లు కట్టావు. నన్నడగలేదు. సరే. ఇంద, తిను."

నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. వెళ్ళాలో ఉండాలో తెలియలేదు.

"నువ్వేమైనా చెప్పాలంటే చెప్పు డెల్సీ," అంది నావైపు తిరగకుండానే. "వింటాడు. ఆ తర్వాత తలుపేసేద్దాం, వాళ్ళు తింటుంటే మనం ఉండకూడదు."

ఇన్ని నెలలుగా చెప్పాలనుకున్నవి ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ రాలేదు. "ఫ్రిజ్ వచ్చింది గ్లాడ్విన్," అన్నాను. "బాగానే పనిచేస్తోంది."

 ఒరింతియా నా మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి తలుపు దగ్గరికి లాగింది. మెట్ల మీద ఇద్దరం కూర్చున్నాం. వాకిట్లో పిల్లలు ఎముకల కోసం కొట్టుకుంటున్నారు. ఆవిడ చెయ్యి నా మోచేతి మీదే ఉండిపోయింది, తీయడం మర్చిపోయినట్టు.

*

ఆ నెలలోనే మా సంపూ అయిపోయింది. ఇస్మే చెప్పినట్టే బకెట్టు పట్టుకుని రోడ్డు మీద నీళ్ళ బండి కోసం నిలబడ్డాను, అందరితో పాటు. మెర్ల్ తన బకెట్టులోంచి సగం నాకు వంపింది. వద్దన్నా వినలేదు.

"ఖాళీ అవడమే మంచిది," అంది ఒరింతియా. "మొదటి వాన పడేలోపు కడగాలి. అడుగున బురద ఉంటే కొత్తనీళ్ళు పాడవుతాయి. పద."

"మనమా?"

"గ్లాడ్విన్ వస్తాడా?"

వరండా కింద సంపు మూత ఎత్తి, పాత చెక్క నిచ్చెన దించుకుని, చీపుర్లు, రేకు డబ్బా పట్టుకుని ఇద్దరం దిగాం. లోపల చల్లగా ఉంది. పైన నలుచదరపు వెలుగు ముక్క, చుట్టూ మసక. మాట్లాడితే గోడలు తిరిగి పలుకుతున్నాయి. చీపుర్లతో ఒక చివరినుంచి బురద ఊడ్చి కుప్ప చేశాం. ఒరింతియా ఊడుస్తూ గ్లాడ్విన్ చిన్నప్పటి సంగతులు చెప్పింది. దొంగతనంగా పడవెక్కి పక్క దీవి పెటీ మార్టినిక్‌కి వెళ్ళిపోతే, వాళ్ళమ్మ ఒడ్డునే కూర్చుని రెండు రోజులు ఏమీ తినకపోవడం. నాకు తెలియని మనిషి గురించి వింటున్నట్టే ఉంది. వినడం ఆపబుద్ధి కాలేదు.

పని అయిందనుకుని ముందు ఒరింతియా నిచ్చెన ఎక్కబోయింది. రెండో మెట్టు పుటుక్కున విరిగింది. ఆవిడ వెనక్కి నా మీద పడింది, నేను బురదకుప్ప మీద పడ్డాను. లేచి నా వంతుగా నేను ప్రయత్నించాను. ఇంకో మెట్టు విరిగింది. మోకాళ్ళు సహకరించే వయసు మా ఇద్దరిలో ఎవరిదీ కాదు. నిచ్చెన పక్కన పడేసి, గోడకి చేరగిలబడి కూర్చున్నాం.

"ఆ పిల్లతో వెళ్ళిపోతున్నావట," అంది ఒరింతియా కాసేపటికి.

"ఎవరన్నారు?"

"ఇస్మే."

"ఇస్మేకి ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ఫోను పట్టుకుంటే నీ గొంతు రోడ్డు దాకా వినిపిస్తుంది. ఇంగ్లండు దూరమని అరుస్తావేమో."

 ఆవిడ అరచేతికి అంటిన బురద గోడకి తుడుచుకుంది.

"వెళ్ళాలనుకుంటే వెళ్ళు. కానీ చెప్పి వెళ్ళు. ఇంగ్లండుకెళ్ళినప్పుడూ, మొన్న రేవులోనూ, వాడు రెండుసార్లూ చెప్పకుండానే వెళ్ళాడు."

ఆ మసకలో ఆవిడ మొహం సరిగా కనిపించలేదు. నాకు చూడాల్సిన పనీ లేకపోయింది. కాండిస్‌కి ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. సెలవులకి రమ్మన్నాను, ఉన్నన్నాళ్ళు ఉండమన్నాను, తిరుగు టికెట్టు తనకొక్కదానికే కొనుక్కోమన్నాను. తరగతిలో అల్లరి పిల్లని కోప్పడినట్టు కోప్పడింది. ఆనక ఏడ్చింది. జులైలో వచ్చింది, నెలాఖరుకి ఒక్కతే వెళ్ళింది. కానీ అదంతా తర్వాతి మాట. ముందు ఆ సంపులోంచి బయటపడాలి.

"కేక వెయ్యి," అంది ఒరింతియా. "నా గొంతు పోయింది, పొద్దుట్నుంచీ నీతో మాట్లాడి."

"ఏమని వెయ్యను?"

"పేరు పెట్టి పిలువు. ఊరికే రక్షించండి, కాపాడండి అంటే నీ టీవీ అనుకుంటారు."

లేచి ఆ వెలుగు ముక్క కిందికి వెళ్ళి నిలబడ్డాను. తల ఎత్తి, "ఇస్మే!" అని అరిచాను. గోడలు నాలుగూ ఇస్మేని పిలిచాయి. "బెవన్! మెర్ల్! మెర్ల్, ఓ మెర్ల్!" ఒక పేరు వెనక ఇంకో పేరు వస్తూనే ఉంది. పొద్దున బకెట్ల వరసలో నిలబడ్డవాళ్ళంతా ఒక్కొక్కళ్ళే నోట్లోకి వచ్చారు. "అలిక్!"

"వాడికి చెవుడు, వాణ్ణెందుకు పిలుస్తావే?" అంది వెనకనుంచి ఒరింతియా.

పైన ఎక్కడో పరిగెత్తే అడుగుల చప్పుడు. రోడ్డు మీంచి, గేట్లోంచి, వాకిట్లోకి. ఒకళ్ళవి కావు.

"ఎవరదీ?" అన్నారు పైనుంచి. "ఎక్కణ్ణించి?"

"మేమే!" అన్నాను. "ఇక్కడ, కింద!"